వెబ్, డిజైన్ టీమ్: ఎవరి పని ఏమిటి? మన తెలుగు ఏ బల్ల దగ్గర ఆగుతోంది?

బ్యాంకు ఆప్, కరెంటు బిల్లు పేజీ, ఆస్పత్రి అపాయింట్‌మెంట్, బడి అడ్మిషన్ ఫారం అన్నీ ఇప్పుడు ఫోన్ తెరమీదికి వచ్చేశాయి. బళ్ళారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో తరాలుగా ఉంటున్న మన ఇళ్లలో ఆ తెర తెరిస్తే ఆ రాష్ట్ర భాష, ఇంగ్లీషు కనిపిస్తాయి. తెలుగు ఒక్కోసారి అసలు ఉండదు. ఉన్నా ఎక్కడో లోపల దాగి ఉంటుంది. దొరికితే వత్తులు తెగిపోయి, చదవలేని తీరులో ఉంటుంది.

దీనికి కంప్యూటరును తిట్టి ఊరుకుంటాం. కానీ తెరమీద ప్రతి అక్షరం, ప్రతి బటన్ వెనుక ఒక మనిషి నిర్ణయం ఉంటుంది. ఆ నిర్ణయాలు తీసుకునే వాళ్లనే సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో వెబ్, డిజైన్ టీమ్ అంటారు. వాళ్లలో ఎవరి పని ఏమిటో తెలిస్తే, మన భాష ఎక్కడ ఆగిందో, ఎవరిని ఏమని అడగాలో తెలుస్తుంది. పిల్లల్లో ఎవరికైనా ఆ పని మీద ఆసక్తి ఉంటే దారీ తెలుస్తుంది. అందుకే ఈ వ్యాసాన్ని దాచుకుని చూసుకునే వీలుగా విడివిడి భాగాలుగా ఇస్తున్నాం.

ఈ పని ఎప్పుడు మొదలైంది

1989లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ వెబ్ ఆలోచనను కాగితం మీద పెట్టారు. 1991లో వెబ్‌సైటు బయటి ప్రపంచానికి అందుబాటులోకి వచ్చింది. 1993 ఏప్రిల్ 30న ఆ సంస్థ వెబ్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. ఆ తొలి పేజీల్లో అక్షరాలు, లింకులు తప్ప మరేమీ లేవు. రాసినవారే పేజీ కట్టేవారు. వేరే డిజైనర్ అవసరం ఉండేది కాదు.

పేజీ రూపాన్ని విడిగా రాసుకునే పద్ధతి సీఎస్ఎస్. దాన్ని 1994లో హాకోన్ వియుమ్ లీ ప్రతిపాదించగా, 1996 డిసెంబరులో ప్రమాణంగా వచ్చింది. నొక్కితే పేజీ కదిలేలా చేసే జావాస్క్రిప్ట్‌ను 1995లో బ్రెండన్ ఐక్ తయారు చేశారు. అప్పటి నుంచి పని మూడు పాయలైంది. పేజీలో ఏమి ఉందో హెచ్‌టీఎంఎల్ చెబుతుంది. ఎలా కనిపించాలో సీఎస్ఎస్ చెబుతుంది. ఎలా నడవాలో జావాస్క్రిప్ట్ చెబుతుంది.

2010లో ఈథన్ మార్కాట్ ఒకే పేజీ పెద్ద తెరకూ చిన్న ఫోనుకూ తానే సర్దుకునే డిజైన్ పద్ధతికి పేరు పెట్టారు. ఆ తరువాత ఫోన్ కోసం వేరే సైటు కట్టే అలవాటు తగ్గింది. పని పెరిగే కొద్దీ ఒక్క మనిషి చేసేది పది మంది పని అయింది.

టీమ్‌లో ఎవరెవరు ఉంటారు

కంపెనీని బట్టి పేర్లు మారతాయి. చిన్న కంపెనీలో ఇద్దరు ముగ్గురే ఇవన్నీ చేస్తారు. పనులు మాత్రం ఇవే.

*ప్రొడక్ట్ మేనేజర్:* ఏమి కట్టాలి, ముందు ఏది, తరువాత ఏది అని తేల్చే మనిషి. ఏయే భాషల్లో ఇవ్వాలన్న పట్టీ సాధారణంగా ఈ బల్ల మీదే ఖాయమవుతుంది.

*యూజర్ రీసెర్చర్:* వాడేవారి దగ్గరికి వెళ్లి, వారు ఎక్కడ తడబడుతున్నారో చూసి రాసుకొచ్చే మనిషి.

*యూఎక్స్ డిజైనర్:* ఒక పని పూర్తి కావడానికి ఎన్ని తెరలు దాటాలి, ఏ తెర తరువాత ఏ తెర రావాలి అన్నది గీసే మనిషి. ఇంటికి ప్లాను గీసినట్టు.

*యూఐ డిజైనర్:* రంగులు, అక్షరాల సైజు, బటన్ల ఆకారం, ఖాళీలు చూసే మనిషి. ఇంటి ప్లానుకు గోడలు, గుమ్మాలు, రంగులు వచ్చినట్టు.

*కంటెంట్ రైటర్:* బటన్ మీది మాట, తప్పు జరిగితే వచ్చే హెచ్చరిక, ఫారంలో ప్రశ్న రాసే మనిషి.

*ఫ్రంటెండ్ డెవలపర్:* డిజైనర్ గీసిన బొమ్మను నిజంగా పనిచేసే పేజీగా కట్టే మనిషి.

*బ్యాకెండ్ డెవలపర్:* మనం నింపిన వివరాలను భద్రపరిచి, అడిగినప్పుడు తెచ్చి ఇచ్చే భాగం రాసే మనిషి. చాలాచోట్ల ఇది వేరే టీమ్. కానీ పేజీ వీళ్ల పని లేకుండా నడవదు.

*టెస్టర్:* విడుదలకు ముందు రకరకాల ఫోన్లలో, బ్రౌజర్లలో నొక్కి చూసి తప్పులు పట్టే మనిషి.

*లోకలైజేషన్ బాధ్యుడు:* పేజీని వేరే భాషల్లోకి, ఆ భాషల లెక్కలకూ మర్యాదలకూ తగ్గట్టుగా మార్చే పని చూసే మనిషి. ఈ కుర్చీ లేని కంపెనీలు చాలా ఉన్నాయి. మన కష్టాల్లో సగం ఈ ఖాళీ కుర్చీ దగ్గరే మొదలవుతాయి.

ఒక పేజీ పుట్టే వరుస

మొదట అవసరం ఏమిటో రాసుకుంటారు. తరువాత రీసెర్చర్ వాడేవారితో మాట్లాడతారు. యూఎక్స్ డిజైనర్ నలుపు తెలుపు గీతలతో ముతక బొమ్మలు గీస్తారు. వాటిని వైర్‌ఫ్రేములు అంటారు. అవి కుదిరాక ఫిగ్మా లాంటి సాధనంలో రంగులతో పూర్తి బొమ్మ, నొక్కి చూసుకునే నమూనా తయారవుతాయి. ఆ నమూనాను కొందరి చేతిలో పెట్టి చూస్తారు.

ఇక్కడ జాకబ్ నీల్సన్ 2000లో చెప్పిన ఒక మాట ఈ రంగంలో అందరికీ తెలుసు. ఐదుగురితో పరీక్షించినా పెద్ద లోపాల్లో చాలావరకు బయటపడతాయి. అదే చోట ఆయన ఇంకో మాట కూడా చెప్పారు. వాడేవారిలో ఒకరికొకరు బాగా తేడా ఉన్న గుంపులు ఉంటే, ప్రతి గుంపు నుంచీ కొందరిని విడిగా కూర్చోబెట్టాలి. మొదటి మాట అన్ని ఆఫీసుల్లోనూ వినిపిస్తుంది. రెండోది వినిపించడం తక్కువ. బెంగళూరులో కన్నడం చదివేవారు ఐదుగురు, హైదరాబాదులో తెలుగు చదివేవారు ఐదుగురు కూర్చుంటే, కోలారులో ఇంట తెలుగు మాట్లాడుతూ బయట కన్నడం చదివే ఇల్లు ఆ రెండు బల్లల దగ్గరా ఉండదు.

పరీక్ష అయ్యాక డెవలపర్లు కోడ్ రాస్తారు. ఎవరు ఏ మార్పు చేశారో గిట్ అనే పద్ధతిలో దాచుకుంటారు. దీన్ని 2005లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టారు. ఒకరు రాసిన కోడ్‌ను మరొకరు చదివి ఒప్పుకున్నాకే అది లోపలికి వెళుతుంది. తరువాత టెస్టర్ పరీక్ష, విడుదల. విడుదలయ్యాక పేజీ ఎంత వేగంగా తెరుచుకుంటోందో కొలుస్తూ ఉంటారు. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపిస్తే మంచి వేగం అని గూగుల్ పెట్టిన కొలత ఇప్పుడు చాలామంది పాటిస్తున్నారు.

విడుదల తరువాత కూడా మార్పులు ఆగవు. వారానికోసారో, నెలకోసారో కొత్త మార్పులు వెళుతూనే ఉంటాయి. కాబట్టి ఇవాళ తెలుగు లేని పేజీలో రేపు తెలుగు రావడం అసాధ్యం కాదు. అడిగేవారు ఉండాలి.

తెలుగు అక్షరం తెరమీదికి వచ్చే దారి

*అంకెలుగా అక్షరాలు.* కంప్యూటరు అక్షరాన్ని అంకెగా దాచుకుంటుంది. ఏ అక్షరానికి ఏ అంకె అన్న ప్రపంచ పట్టిక యూనికోడ్. 1991లో వచ్చిన దాని మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. తెలుగుకు 128 గళ్లు కేటాయించారు. ఆ వెంటనే వచ్చే 128 గళ్లు కన్నడానివి.

ఆ పట్టిక అందరి వాడుకలోకి రాకముందు తెలుగు పత్రికల సైట్లు ఒక్కొక్కటి ఒక్కో సొంత ఫాంటుతో నడిచేవి. ఆ ఫాంటు మన కంప్యూటర్లో లేకపోతే పేజీ నిండా అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు కనిపించేవి. వెతికినా దొరికేవి కావు. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు ఫాంటు కంప్యూటర్లోనే రావడం మొదలయ్యాక ఆ బాధ మెల్లగా తగ్గింది.

*ఒక్క అక్షరం, ఆరు గుర్తులు.* మనం 'స్త్రీ' అని రాస్తే మన కంటికి అది ఒక్క అక్షరం. యూనికోడ్ లెక్కలో స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిపి ఆరు గుర్తులు. ఫారంలో 'ఇరవై అక్షరాలు మించకూడదు' అని డెవలపర్ పెడితే, ఆ లెక్క ఈ గుర్తులతోనే జరుగుతుంది. ఇంగ్లీషులో హాయిగా పట్టే పేరు తెలుగులో మధ్యలో ఆగిపోతుంది. ఎస్ఎంఎస్‌లోనూ ఇదే కథ. ఇంగ్లీషు సందేశానికి 160 గుర్తులు పడితే తెలుగు సందేశానికి 70 మాత్రమే. అంతకు మించితే రెండో ఎస్ఎంఎస్ ఖర్చు. తెలుగు సందేశాలు పంపడానికి సంస్థలు వెనకాడటంలో ఈ లెక్కకూ పాత్ర ఉంది.

*గుర్తులు కలిసి అక్షరమవడం.* విడి గుర్తులను చూసి ఏ వత్తు ఎక్కడ పెట్టాలో తేల్చే ప్రోగ్రాము ఫోన్ లోపల ఉంటుంది. అది ఎంత సున్నితమో 2018 ఫిబ్రవరిలో ప్రపంచానికి తెలిసింది. 'జ్ఞా' అక్షరం ఒక ప్రత్యేక కూర్పులో, మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తుతో వస్తే ఐఫోన్లలో సందేశాల ఆప్‌లు మూతపడిపోయాయి. ఫిబ్రవరి 19న యాపిల్ 11.2.6 వెర్షన్ విడుదల చేసి దాన్ని సరిచేసింది. ఎనిమిది కోట్ల మంది మాట్లాడే భాషలోని మామూలు అక్షరం విడుదలకు ముందు జరిగిన పరీక్షలన్నిటినీ తప్పించుకుని బయటికి వచ్చింది. పరీక్ష పట్టీలో తెలుగు ఎంత లోతుగా ఉండాలో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

*ఫాంటు.* అక్షరానికి రూపం ఇచ్చే ఫైలు ఇది. అది లేకపోతే ఖాళీ చదరపు గళ్లు కనిపిస్తాయి. వాటిని ఈ రంగంలో 'టోఫు' అంటారు. ఏ భాషలోనూ టోఫు కనిపించకూడదన్న ఉద్దేశంతోనే గూగుల్ తన ఫాంట్ల కుటుంబానికి నోటో అని పేరు పెట్టింది. అందులో తెలుగూ ఉంది. సిలికానాంధ్ర చొరవతో తయారైన మల్లన్న, మండలి, రామభద్ర, సూరన్న, ధూర్జటి, గిడుగు, గురజాడ వంటి ఫాంట్లు కూడా గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. 'తెలుగుకు మంచి ఫాంట్లు లేవు' అన్న జవాబు ఇప్పుడు చెల్లదు.

*వరుసల మధ్య ఎడం.* డిజైనర్ ఇంగ్లీషు మాటలు పెట్టి బటన్ గీస్తారు. ఇంగ్లీషుకు పైనా కిందా తక్కువ చోటు చాలు. 'లక్ష్మి' అన్న పేరులో కింద రెండు వత్తులు, పైన గుడి ఉన్నాయి. అదే ఎత్తు బటన్‌లో ఆ పేరు పెడితే కింది వత్తు తెగిపోతుంది. తెలుగుకు వరుస ఎత్తు పెంచాలి, బటన్ ఎత్తు మాటను బట్టి పెరిగేలా కట్టాలి. అక్షరాల మధ్య ఎడం పెంచే సోకు, అక్షరాలను పక్కకు వంచే సోకు తెలుగుకు నప్పవు. ఇది సీఎస్ఎస్‌లో రెండు మూడు వరుసల పని. తెలుగు మాట పెట్టి చూసిన వారికే ఆ అవసరం కనిపిస్తుంది.

*వాక్యం.* ఇంగ్లీషు వాక్యాన్ని ముక్కలు చేసి మధ్యలో అంకె దూర్చడం డెవలపర్లకు అలవాటు. తెలుగులో క్రియ చివర వస్తుంది, సంఖ్యను బట్టి క్రియా మారుతుంది. 'మీకు 1 సందేశం వచ్చింది', 'మీకు 3 సందేశాలు వచ్చాయి'. ముక్కలు అతికిస్తే 'మీకు ఉంది 3 సందేశం' అని వస్తుంది. దీనికి విరుగుడుగా ఏకవచనానికి ఒక వాక్యం, బహువచనానికి ఒక వాక్యం పూర్తిగా రాసుకునే పద్ధతి ఉంది. అలాగే మనిషి ఆడో మగో తెలియనప్పుడు 'పెట్టాడు', 'పెట్టింది' అన్న చిక్కు. 'పెట్టారు' అంటే ఇద్దరికీ సరిపోతుంది, మర్యాదగానూ ఉంటుంది. ఈ సులువు తెలుగు తెలిసినవారికే తడుతుంది.

*మాట ఎంపిక.* టికెట్ 'బుక్' చేసే బటన్ మీద 'పుస్తకం' అని, మొదటి పేజీకి వెళ్లే 'హోమ్' మీద 'ఇల్లు' అని వస్తే, అనువాదకుడికి తెర చూపించకుండా విడి మాటల పట్టీ ఇచ్చారని అర్థం. ఇంకో వైపు ఎవరూ వాడని సంస్కృత మాటలు పెట్టినా కష్టమే. డౌన్‌లోడ్, లాగిన్, పాస్‌వర్డ్ అన్నవి మన ఇళ్లలో అందరూ అనే మాటలే. వాటిని తెలుగు లిపిలో రాస్తే చాలు. కర్ణాటకలో ఉండే తెలుగువారికీ, ఒడిశాలో ఉండే తెలుగువారికీ రోజువారీ మాటల్లో తేడా ఉంటుంది. ఇలాంటి వాడుక మాటలే ఇద్దరినీ కలుపుతాయి.

ఏ భాష చూపాలి అన్న నిర్ణయం

మన ఇళ్లకు అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇది. పేజీ ఏ భాషలో తెరుచుకోవాలో తేల్చడానికి నాలుగు దారులు ఉన్నాయి.

మొదటిది, వాడేవారే ఎంచుకోవడం. రెండోది, ఫోన్ లేదా బ్రౌజర్ సెట్టింగు చూడడం. మన బ్రౌజర్ ప్రతి పేజీ అడిగినప్పుడూ మనకు ఇష్టమైన భాషల పట్టీని వరుసక్రమంలో తనతో పంపుతుంది. మూడోది, ఇంటర్నెట్ కనెక్షన్‌ను బట్టి ఊరు ఊహించడం. నాలుగోది, ఫారంలో ఇచ్చిన రాష్ట్రాన్నో పిన్‌కోడ్‌నో బట్టి భాష తేల్చడం.

చివరి రెండు దారుల్లో 'ఈ రాష్ట్రానికి ఈ భాష' అన్న పట్టిక ఎక్కడో రాసి ఉంటుంది. కర్ణాటకకు కన్నడం, తమిళనాడుకు తమిళం, ఒడిశాకు ఒడియా, మహారాష్ట్రకు మరాఠీ. ఒక్కో రాష్ట్రానికి ఒక్కటే గడి. అలాంటి పట్టిక రాసిన రోజే మనం అందులోంచి జారిపోయాం. తెలుగు పేజీ సిద్ధంగా ఉండి కూడా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దాటితే కనిపించకుండా పోయేది ఇలాగే.

యానాం సంగతి మరీ చిత్రం. యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోది. 1965 నాటి పుదుచ్చేరి అధికార భాషల చట్టం తమిళంతో పాటు యానాంలో తెలుగు వాడకానికి చోటిచ్చింది. 'పుదుచ్చేరి అంటే తమిళం' అని పట్టికలో రాసుకుంటే చట్టం ఇచ్చిన భాష కూడా తెరమీద ఉండదు. పైగా యానాం పిన్‌కోడ్ 533464. అది చుట్టూ ఉన్న గోదావరి ఊళ్ల వరుసలోది. పుదుచ్చేరి పట్టణం పిన్‌కోడ్ 605తో మొదలవుతుంది. పిన్‌కోడ్ మొదటి అంకెలను బట్టి రాష్ట్రాన్ని తానే నింపే ఫారం యానాం ఇంటిని ఆంధ్రప్రదేశ్‌లో వేసే ప్రమాదం ఉంది. అప్పుడు భాష తెలుగే వస్తుంది కానీ చిరునామా తప్పవుతుంది. భాషనూ చిరునామానూ ఒకే ముడి వేయడం వల్ల వచ్చే చిక్కు ఇది.

మంచి టీమ్‌లు చేసేది ఏమిటంటే, ఊహించిన భాషను ముందు చూపినా, పేజీ పైభాగంలోనే భాష మార్చుకునే గుర్తు పెడతాయి. ఆ పట్టీలో ప్రతి భాష పేరునూ ఆ భాష లిపిలోనే రాస్తాయి. కన్నడం రాని తెలుగు మనిషికి కన్నడ లిపిలో 'తెలుగు' అని రాసి చూపితే లాభం లేదు కదా. ఒకసారి ఎంచుకున్న భాషను గుర్తుంచుకుంటాయి, మళ్లీ మళ్లీ అడగవు.

మన ఇళ్లలో ఇంకో సంగతి ఉంది. తాతమ్మలు తెలుగు చదువుతారు. మనవలు తెలుగు మాట్లాడతారు కానీ కన్నడమో తమిళమో మాత్రమే చదువుతారు. వీళ్లకు భాష ఒకటి, లిపి ఇంకొకటి. వెబ్ ప్రమాణాల్లో భాష గుర్తు పక్కన లిపి గుర్తును విడిగా పెట్టే ఏర్పాటు ఇప్పటికే ఉంది. అంటే 'తెలుగు మాట, కన్నడ లిపి' అని చెప్పే వీలు సాంకేతికంగా ఉంది. ఇలాంటి ఇళ్లు ఉన్నాయని రీసెర్చర్ రాసుకొస్తేనే ఎవరైనా దాన్ని వాడతారు. అంతవరకు తెలుగులో మాటగా వినిపించే బటన్ ఇద్దరికీ పనికొస్తుంది.

పేరు గడి

ఇంగ్లీషు ఫారంలో 'ఫస్ట్ నేమ్', 'లాస్ట్ నేమ్' అని రెండు గళ్లు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. తమిళనాడులో ఉన్నవారిలో చాలామందికి తండ్రి పేరు మొదటి అక్షరం ఒక్కటే ఉంటుంది. ఆ ఒక్క అక్షరం వేస్తే 'కనీసం రెండు అక్షరాలు ఉండాలి' అని ఎర్రగా వస్తుంది. ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనుక, ఒకచోట పొడి అక్షరం. మూడు కాగితాల్లో మూడు పేర్లయి చివరికి ఆధార్‌తో పోలక పని ఆగిపోతుంది.

బ్రిటన్ ప్రభుత్వ సైట్ల డిజైన్ మార్గదర్శకం వీలైనంతవరకు 'పూర్తి పేరు' అని ఒకే గడి పెట్టమంటుంది. వెబ్ ప్రమాణాలు తయారు చేసే డబ్ల్యూ3సీ కూడా ప్రపంచంలో పేర్లు ఎన్ని రకాలో వివరిస్తూ డిజైనర్లకు సలహా పత్రం ఇచ్చింది. టీమ్‌తో మాట్లాడేటప్పుడు ఈ రెండిటి పేర్లు చెబితే మాటకు బలం వస్తుంది.

చూపు తగ్గినవారికి

తెర మీది మాటలను చదివి వినిపించే సాధనాలను స్క్రీన్ రీడర్లు అంటారు. పేజీ ఏ భాషలో ఉందో డెవలపర్ కోడ్‌లో ఒక చిన్న గుర్తు పెట్టాలి. అది పెట్టకపోతే తెలుగు పేజీని ఇంగ్లీషు గొంతు చదవబోయి వదిలేస్తుంది. కన్నడ పేజీలో ఒక పేరా తెలుగు ఉంటే ఆ పేరాకు విడిగా గుర్తు పెట్టాలి. డబ్ల్యూసీఏజీ అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఈ రెండూ నియమాలుగానే ఉన్నాయి. మామూలు సైజు అక్షరానికీ వెనుక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5కి 1 ఉండాలన్నదీ అందులోదే. లేత బూడిద రంగు అక్షరాలు పెద్దవాళ్ల కంటికి ఆనకపోవడానికి కారణం ఈ నియమం పాటించకపోవడమే. మన దేశంలో ప్రభుత్వ సైట్లకు 2009 నుంచి మార్గదర్శకాలు ఉన్నాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కూడా సమాచారం అందరికీ అందాలంటుంది.

మనం చేయగలిగినవి

ముందుగా ఫోన్ సెట్టింగుల్లో భాషల పట్టీలో తెలుగు చేర్చండి. రెండో భాషగా చేర్చినా ఫరవాలేదు. బ్రౌజర్ సెట్టింగుల్లోనూ తెలుగు చేర్చండి. ఆ పట్టీ చూసే సైట్లు మీకు తెలుగు చూపడం మొదలుపెడతాయి. తెలుగు కోరేవారు ఎందరో టీమ్‌లు లెక్కపెట్టే అవకాశమూ ఇక్కడే ఉంది. మనమంతా ఇంగ్లీషే పెట్టుకుంటే లెక్కలో మనం ఉండం.

రెండోది, తప్పు కనిపిస్తే పనికొచ్చేలా రాయండి. 'మీ ఆప్ బాగాలేదు' అని రాస్తే ఎవరి బల్ల మీదికీ వెళ్లదు. ఈ ఏడు సంగతులు రాయండి: ఏ పేజీ, ఏ ఫోన్, ఏ వెర్షన్, ఏమి నొక్కారు, ఏమి వచ్చింది, ఏమి రావాలి, తెర ఫోటో. ఫోటోలో ఖాతా నంబరు, ఓటీపీ, ఆధార్ నంబరు కనిపించకుండా చూసుకోండి. నమూనా ఇదిగో:

'మేము కృష్ణగిరి జిల్లాలో ఉంటాం. మా ఇంట్లో తెలుగు చదువుతారు. మీ ఆప్‌లో తమిళం, ఇంగ్లీషు మాత్రమే కనిపిస్తున్నాయి. తెలుగు రాష్ట్రాల్లోని మా బంధువులకు ఇదే ఆప్‌లో తెలుగు వస్తోంది. రాష్ట్రంతో సంబంధం లేకుండా భాష ఎంచుకునే వీలు ఇవ్వండి. తెర ఫోటో జత చేశాం.'

ఏ లోపం ఎవరిదో గుర్తుంచుకోండి. వత్తులు తెగితే యూఐ డిజైనర్, ఫ్రంటెండ్ డెవలపర్. మాట తప్పయితే కంటెంట్, లోకలైజేషన్. పేరు పట్టకపోతే ఫారం గీసిన యూఎక్స్ డిజైనర్, బ్యాకెండ్. తెలుగే లేకపోతే ప్రొడక్ట్ మేనేజర్. ఉత్తరంలో ఆ పేరు రాస్తే సరైన చేతికి చేరడం తేలికవుతుంది.

ప్రభుత్వ సేవల విషయంలో రాజ్యాంగం కూడా మనకు కొంత ఆసరా ఇస్తుంది. 350వ అధికరణం ప్రకారం కేంద్రంలోనో రాష్ట్రంలోనో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా వినతి ఇవ్వవచ్చు. 350బి అధికరణం కింద భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్ పదవి ఉంది. ఇవి ప్రైవేటు కంపెనీలకు వర్తించవు. అక్కడ పనిచేసేది వాడేవారి సంఖ్య, పద్ధతిగా రాసిన ఉత్తరం.

పిల్లలకు ఈ పని

ఇంజినీరింగ్ చదివినవారే చేయాలన్న నియమం లేదు. బొమ్మ గీసే చేయి, మాట తూచే చెవి, మనుషులను గమనించే ఓపిక ఉన్నవారికి ఇందులో చోటుంది. హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ ఉచితంగా నేర్చుకోవడానికి ఎమ్‌డీఎన్ అనే సైటు ఉంది. డిజైన్ డిగ్రీ చేయాలంటే ఐఐటీ బొంబాయి నిర్వహించే యూసీడ్ పరీక్ష, అహ్మదాబాదులో 1961లో మొదలైన ఎన్ఐడీ వాళ్ల ప్రవేశ పరీక్ష ప్రధానమైన దారులు. ఉద్యోగానికి వెళ్లినప్పుడు సర్టిఫికెట్టుతో పాటు చేసిన పనుల నమూనాలు అడుగుతారు. కాబట్టి ఇప్పుడే ఏదో ఒకటి చేసి చూపాలి.

దానికి మన ఊళ్లోనే పని ఉంది. తెలుగు సంఘం సైటులో వత్తులు తెగుతున్న బటన్ సరిచేయవచ్చు. కులవృత్తి సహకార సంఘానికి రెండు లిపుల్లో ఫారం కట్టవచ్చు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా తెరమీది మాటలను ట్రాన్స్‌లేట్‌వికీలో ఎవరైనా అనువదించవచ్చు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తెలుగు మాటలకు మొజిల్లా వాళ్ల పొంటూన్ ఉంది. రెండూ ఉచితమే, ఇంటి నుంచే చేయవచ్చు.

రెండు మూడు భాషల మధ్య పెరగడం మన పిల్లలకు పుట్టుకతో వచ్చింది. ఇంట్లో ఒక మాట, వీధిలో ఒక మాట, బడిలో ఇంకో లిపి. ఒక టీమ్‌లో 'రాష్ట్రానికి ఒకే భాష' అన్న పట్టిక రాస్తున్నప్పుడు 'మా ఇల్లు ఇందులో ఎక్కడ ఉంది?' అని అడగడానికి అక్కడ అలాంటి ఇంటి మనిషి ఒకరుంటే చాలు. ఆ కుర్చీలో మన పిల్లలు కూర్చునే దాకా ఆ ప్రశ్న ఉత్తరాల్లో మనమే అడుగుతూ ఉందాం.